దొంగ దగ్గర కథ ఉంది, మన దగ్గర రిపోర్ట్ ఉంది

ఈ ఎపిసోడ్ సైబర్ సెక్యూరిటీ గురించి. ఆ మాట వినగానే వీడియో మార్చేయకండి, ఇది కోడింగ్ క్లాస్ కాదు. ఒక చిన్న చరిత్ర చెప్తాను. కంప్యూటర్లలో, ఫోన్లలో ఎక్కడ కన్నం ఉందో కనిపెట్టినవాళ్ళు ఆ సంగతి మామూలు జనానికి ఎట్లా చెప్పారు, ఎక్కడ చెప్పలేకపోయారు, చెప్పినందుకు వాళ్ళకేం జరిగింది అన్న చరిత్ర. నేను మాట్లాడుతున్నది దిల్‌సుఖ్‌నగర్ నుంచి. కాబట్టి ఉదాహరణలు కూడా వీలైనంతవరకు మన చుట్టుపక్కల నుంచే తీసుకుంటాను.

ఒక్కసారి ఆలోచించండి. ఒక పరిశోధకుడు ఏదో లోపం కనిపెట్టాడు. ఇంగ్లీష్‌లో పేపర్ రాశాడు, పట్టికలు పెట్టాడు, ఎక్కడో ఒక కాన్ఫరెన్స్‌లో చదివాడు. మంచిదే. కానీ కొత్తపేటలో కూరగాయలు కొని, ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బులు కట్టే మీ అమ్మ దాకా ఆ సంగతి ఏ దారిన రావాలి?

అదే సమయంలో దొంగ ఏం చేస్తాడో చూడండి. వాడు పేపర్ రాయడు. పోలీస్ యూనిఫాం వేసుకుంటాడు. వెనక గోడకు ఒక ముద్ర, టేబుల్ మీద ఒక జెండా పెట్టుకుంటాడు. వీడియో కాల్ చేసి, "మీ పేరు మీద ఒక పార్సిల్ దొరికింది" అని కథ మొదలుపెడతాడు. అరగంటలో మీ అమ్మకు ఆ కథ మొత్తం అర్థమైపోతుంది. మన రిపోర్ట్ మాత్రం పదేళ్ళైనా అర్థం కాదు.

ఈ రోజు నేను చెప్పదల్చుకున్నది ఇదే. డిజైన్, కథ అనేవి పరిశోధన పూర్తయ్యాక పైన పూసే రంగులని చాలామంది అనుకుంటారు. అవి లేకపోతే ఆ పరిశోధన ఎవరినీ కాపాడదని నేనంటాను. ఎందుకో చరిత్రలోకి వెళ్ళి చూద్దాం.

హైదరాబాద్, 2010

ఎల్బీ నగర్ నుంచి నాగోల్, ఉప్పల్ మీదుగా పోతే ఈసీఐఎల్ చౌరస్తా వస్తుంది. ఆ పేరు వెనక ఉన్నది ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ. మన దేశంలో ఓటింగ్ మెషిన్లు, అంటే ఈవీఎంలు, తయారుచేసే రెండు సంస్థల్లో అదొకటి. రెండోది బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. ఈవీఎంలను మొదటిసారి 1982లో కేరళలోని పరవూర్‌లో 50 పోలింగ్ కేంద్రాల్లో వాడారు. 2004 లోక్‌సభ ఎన్నికలకల్లా దేశమంతా అవే.

ఇదే హైదరాబాద్‌లో హరిప్రసాద్ వేమూరు అనే ఇంజనీర్ ఉన్నారు. ఆయన సంస్థ పేరు నెట్ఇండియా. ఈవీఎంను బయటి నిపుణులు విప్పి పరీక్షించే అవకాశం అప్పటిదాకా లేదు. 2010 ఫిబ్రవరిలో, పేరు బయటపెట్టని ఒక వ్యక్తి ద్వారా ఒక మెషిన్ పరిశోధకుల చేతికి వచ్చింది. హరిప్రసాద్, ఆయన సహచరులు, అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీకి చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, ఆయన విద్యార్థులు, నెదర్లాండ్స్ నుంచి రాప్ గొంగ్రైప్, వీళ్ళంతా కలిసి దాన్ని పరిశీలించారు. 2010 ఏప్రిల్ 29న ఫలితాలు బయటపెట్టారు.

పేపర్ రాసి ఊరుకోవచ్చు. వాళ్ళు ఊరుకోలేదు. పేపర్‌తో పాటు ఒక వీడియో కూడా పెట్టారు. అందులో రెండు వస్తువులు చూపించారు.

మొదటిది డిస్‌ప్లే బోర్డు. ఈవీఎంలో ఓట్లు లెక్కపెట్టేటప్పుడు అంకెలు ఎర్రగా వెలుగుతాయి కదా, ఆ బోర్డు. చూడ్డానికి అచ్చం అట్లాగే ఉండే ఇంకో బోర్డు తయారుచేసి, లోపల ఒక చిన్న చిప్, బ్లూటూత్ దాచారు. లోపలి మెమరీలో ఓట్లు ఎన్ని ఉన్నా సరే, ఆ బోర్డు మాత్రం తను అనుకున్న అంకెలు చూపిస్తుంది. ఎవరికి అనుకూలంగా చూపించాలో ఫోన్ నుంచి చెప్పొచ్చు. రెండోది జేబులో పట్టే ఒక క్లిప్ లాంటి పరికరం. దాన్ని మెమరీ చిప్‌కు తగిలిస్తే లోపల దాచి ఉన్న ఓట్లనే మార్చేస్తుంది.

ఇక్కడ తెలివి ఎక్కడుందో గమనించండి. "ఈ పరికరంలోని డేటాకు క్రిప్టోగ్రఫీ రక్షణ లేదు" అని రాస్తే ఎంతమందికి అర్థమవుతుంది? అదే రెండు బోర్డులు పక్కపక్కన పెట్టి, వీటిలో ఏది అసలు, ఏది నకిలీ అని అడిగితే? చదువు రానివాళ్ళకు కూడా అర్థమవుతుంది. మనం చూసేది మెషిన్ లోపలి నిజాన్ని కాదు, మెషిన్ చూపించే అంకెనే అన్న పెద్ద సంగతిని ఒక చిన్న బోర్డుతో చెప్పారు. డిజైన్ అని నేనంటున్నది దీన్నే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఫలానా ఎన్నికలో మోసం జరిగిందని వాళ్ళు నిరూపించలేదు, ఆ మాట వాళ్ళు అనలేదు కూడా. మెషిన్ చేతికి దొరికితే ఏం చేయొచ్చో చూపించారు, అంతే. ఎన్నికల సంఘం దీన్ని ఒప్పుకోలేదు. మెషిన్ల చుట్టూ సీళ్ళు, కాపలా, పార్టీల ఏజెంట్ల సమక్షంలో పరీక్షలు ఉంటాయి, బయటివాళ్ళకు అట్లా మెషిన్ చిక్కదు అన్నది వాళ్ళ వాదన. ఈ రెండు వాదనలూ గుర్తుపెట్టుకోండి. కథ బాగుంది కదా అని సగమే చెప్తే అది పరిశోధన కాదు, ప్రచారం అవుతుంది.

తర్వాత జరిగింది వార్తలకెక్కింది. 2010 ఆగస్టు 21న పోలీసులు హరిప్రసాద్‌ను హైదరాబాద్‌లోని ఆయన ఇంట్లో అరెస్ట్ చేసి ముంబై తీసుకుపోయారు. మెషిన్ ఎక్కడిది, ఎవరిచ్చారు అన్నదే కేసు. ఇచ్చినవాళ్ళ పేరు ఆయన చెప్పలేదు. వారం తర్వాత, ఆగస్టు 28న బెయిల్ దొరికింది. అదే ఏడాది ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే అమెరికా సంస్థ ఆయనకు పయనీర్ అవార్డ్ ఇచ్చింది. అక్టోబర్‌లో పేపర్ కంప్యూటర్ సెక్యూరిటీ రంగంలోని పెద్ద కాన్ఫరెన్స్‌లలో ఒకదాంట్లో వచ్చింది.

అదే అక్టోబర్‌లో ఎన్నికల సంఘం అన్ని పార్టీలతో సమావేశం పెట్టింది. ఓటు వేశాక కాగితం స్లిప్ కనిపించాలన్న చర్చ అక్కడి నుంచి ముందుకు కదిలింది. 2013 సెప్టెంబర్‌లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో మొదటిసారి వీవీప్యాట్ వాడారు. సుబ్రమణ్యన్ స్వామి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013 అక్టోబర్ 8న ఆ కాగితం జాడ అవసరమని తీర్పు చెప్పింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ వచ్చింది. 2024 ఏప్రిల్‌లో స్లిప్పులన్నీ లెక్కపెట్టాలన్న కోరికను కోర్టు తోసిపుచ్చింది. ఇదంతా ఒక్క వీడియో వల్లే జరిగిందని నేననను. ఎంతోమంది పోరాటం, కోర్టులు, పార్టీలు, ఎన్నికల సంఘం, అందరి పాత్ర ఉంది.

కానీ ఆ స్లిప్‌ను ఒకసారి చూడండి. బటన్ నొక్కుతారు. అద్దం వెనక ఒక కాగితం కనిపిస్తుంది. మీరు వేసిన గుర్తు, పేరు. 7 సెకన్లు. తర్వాత పెట్టెలో పడిపోతుంది. 80 ఏళ్ళ అవ్వ కూడా, "ఆ, నా ఓటు నేను వేసిన గుర్తుకే పడ్డది" అని కళ్ళతో చూసుకుని బయటకు వస్తుంది. సెక్యూరిటీని సామాన్యుడికి కనిపించేలా చేయడం అంటే ఇదే. ఒక అద్దం, ఒక కాగితం, ఏడు సెకన్లు.

బొమ్మ గీసిన బగ్

ఇప్పుడు హైదరాబాద్ దాటి కాస్త బయటికి వెళ్దాం. 2014 ఏప్రిల్ 7. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక పెద్ద లోపం బయటపడింది. మీరు ఏదైనా వెబ్‌సైట్ తెరిచినప్పుడు పైన తాళం బొమ్మ కనిపించేది చూశారా, ఆ తాళం వెనక పనిచేసే సాఫ్ట్‌వేర్లలో బాగా ప్రసిద్ధమైనది అదే. లోపాన్ని గూగుల్‌లో పనిచేసే నీల్ మెహతా, ఫిన్లాండ్‌లోని కోడెనోమికాన్ అనే సంస్థ ఇంజనీర్లు విడివిడిగా కనిపెట్టారు.

ఇలాంటి లోపాలకు అప్పటిదాకా ఒక నంబర్ ఇచ్చి వదిలేయడమే మామూలు పద్ధతి. దీనికీ నంబర్ ఉంది, 2014-0160. అది ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? కోడెనోమికాన్ వాళ్ళు ఇంకో పని చేశారు. ఆ లోపం ఉన్నది హార్ట్‌బీట్ అనే భాగంలో, అంటే గుండె చప్పుడు. అక్కడి నుంచి సమాచారం కారిపోతోంది కాబట్టి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు. వాళ్ళ డిజైనర్ లీనా స్నిడాటే ఒక బొమ్మ గీసింది. ఎర్రటి గుండె, కింద నెత్తురు చుక్కలు కారుతున్నట్టు. దానికి ఒక వెబ్‌సైట్ పెట్టి, ప్రశ్నలు జవాబుల రూపంలో అంతా వివరించారు. రోజుల్లోనే ఆ ఎర్ర గుండె ప్రపంచమంతా టీవీల్లో, పేపర్లలో కనిపించింది. కంప్యూటర్ లోపానికి లోగో అన్న పద్ధతి అక్కడి నుంచే బలంగా మొదలైంది.

ఆ లోపం ఏంటో మన భాషలో చెప్పనా? దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పక్కన జిరాక్స్ షాపులు ఉంటాయి కదా. మీరు వెళ్ళి ఒకే ఒక్క కాగితం ఇచ్చి, "అన్నా, ఇవి 64 పేజీలు, అన్నీ జిరాక్స్ తీసివ్వు" అన్నారనుకోండి. మామూలుగా షాపాయన లెక్కపెట్టుకుని, "తమ్మీ, ఒక్కటే ఉంది కదా" అంటాడు. ఈ షాపాయన లెక్కపెట్టడు. మీ కాగితం ఒకటి తీసి, ఇంకా 63 కావాలి కాబట్టి టేబుల్ మీద పక్కన ఏవి ఉంటే అవి తీసేస్తాడు. ఎవరిదో టెన్త్ మెమో, ఎవరిదో ఆధార్, ఎవరిదో బ్యాంక్ పాస్‌బుక్. అన్నీ మీ చేతిలో పెడతాడు. హార్ట్‌బ్లీడ్ అంటే అంతే. సర్వర్‌ను కొంచెం పంపి ఎక్కువ అడిగితే, ఒక్కోసారి 64 కిలోబైట్ల దాకా పక్కవాళ్ళ సమాచారం ఇచ్చేసేది. అందులో పాస్‌వర్డులు ఉండొచ్చు, తాళంచెవులు ఉండొచ్చు.

నాలుగేళ్ళ తర్వాత, 2018 జనవరిలో, ప్రాసెసర్ చిప్‌లలో రెండు లోపాలు బయటపడ్డాయి. మెల్ట్‌డౌన్, స్పెక్టర్. ఆస్ట్రియాకు చెందిన నటాషా ఐబ్ల్ వాటికి బొమ్మలు గీసింది. స్పెక్టర్ అంటే దయ్యం. ఆ దయ్యం చేతిలో ఒక చెట్టుకొమ్మ ఉంటుంది. ఎందుకు? ప్రోగ్రామ్ ముందు ముందు ఏ కొమ్మ వైపు పోతుందో చిప్ ముందే ఊహించి పరుగెడుతుంది, ఆ ఊహలోనే ఉంది లోపం. బొమ్మలోనే పాఠం దాచారన్నమాట.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. లోగో ఉంటే చాలు టీవీలో వస్తుందని అర్థమయ్యాక, చిన్న చిన్న లోపాలకు కూడా భయంకరమైన పేర్లు, బొమ్మలు పెట్టడం మొదలైంది. ఏది నిజంగా పెద్ద ప్రమాదమో, ఏది ఊరికే హడావుడో తెలియకుండా పోయింది. పులి వచ్చె, పులి వచ్చె అని రోజూ అరిస్తే ఏమవుతుందో మనకు తెలిసిన కథే కదా.

13 కోట్ల అంకెలు, నాలుగు అంకెలు

మళ్ళీ మన దగ్గరికి వద్దాం. 2017 మే 1న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక బయటపెట్టింది. రాసింది అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి. కొడాలి హైదరాబాద్ నుంచి పనిచేసే స్వతంత్ర పరిశోధకుడు. వాళ్ళు నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లు చూశారు. పింఛన్లది ఒకటి, ఉపాధి హామీది ఒకటి, మిగతా రెండు ఆంధ్రప్రదేశ్‌వి, వాటిలో ఒకటి చంద్రన్న బీమా. ఎవరూ ఏమీ హ్యాక్ చేయకుండానే, ఆ సైట్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంక్ ఖాతా నంబర్లు బయటికి కనిపించి ఉండొచ్చని వాళ్ళ అంచనా.

13 కోట్లు. ఆ అంకె విన్నాక మీకేమైనా అనిపించిందా? చాలామందికి ఏమీ అనిపించదు. అంకె పెద్దదయ్యేకొద్దీ మనిషి మాయమైపోతాడు. ఉపాధి పనికి పోయి తట్ట మోసిన అక్క పేరు, ఆమె ఖాతా, ఆమెకు వచ్చిన కూలీ, ఎవరైనా చూసేలా తెరిచి ఉన్నాయి అంటే అప్పుడు అర్థమవుతుంది.

తర్వాతి కాలంలో వచ్చిన మాస్క్డ్ ఆధార్ చూశారా? 12 అంకెల్లో మొదటి 8 కప్పేసి, చివరి 4 మాత్రమే చూపిస్తుంది. ఇదీ డిజైనే. ఎవరికీ ఏ పాఠమూ చెప్పకుండా, ఎంత చూపించాలో కాగితమే నిర్ణయిస్తుంది. కానీ దాని కథ జనానికి సరిగా చేరలేదు. 2022 మే 27న బెంగళూరులోని ఆధార్ ప్రాంతీయ కార్యాలయం, ఆధార్ జిరాక్స్ ఎక్కడపడితే అక్కడ ఇవ్వకండి, మాస్క్డ్ ఆధార్ వాడండి అని ప్రకటన ఇచ్చింది. జనంలో గందరగోళం లేచింది. రెండు రోజుల్లో ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నారు. చెప్పిన సలహా మంచిదే. చెప్పిన తీరు వల్ల అది నిలబడలేదు. ఇప్పటికీ దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో చేరాలన్నా, గది అద్దెకు తీసుకోవాలన్నా, మనం మొత్తం ఆధార్ జిరాక్స్ ఇచ్చేసి వస్తాం. మాస్క్డ్ కాపీ ఇస్తే సరిపోతుందా అని ఒక్క మాట అడగడం మనకు అలవాటు కాలేదు.

దొంగల స్క్రిప్ట్

ఇప్పుడు అవతలి పక్షం చూద్దాం. డిజిటల్ అరెస్ట్ మీరు విన్నదే. 2024 ఆగస్టులో వర్ధమాన్ గ్రూప్ అధిపతి ఎస్.పి. ఓస్వాల్, 82 ఏళ్ళ పారిశ్రామికవేత్త, 7 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారు. దొంగలు ఆయన కోసం ఏకంగా నకిలీ సుప్రీంకోర్టు విచారణ పెట్టారు. ప్రధాన న్యాయమూర్తిగా నటించినవాడు ఒకడు. ముద్రలున్న ఆర్డర్లు పంపారు. కొంత డబ్బును పోలీసులు తర్వాత వెనక్కి రప్పించారు. వేల కోట్ల వ్యాపారం నడిపిన మనిషికే అట్లా అయిందంటే, "చదువుకున్నవాళ్ళు మోసపోరు" అనే మాట ఇక మర్చిపోవాలి.

వాళ్ళ కథను విప్పి చూస్తే సినిమా కథలాగే ఉంటుంది. ముందు ఒక ఆపద: మీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి. తర్వాత ఒక విలన్: మీ ఆధార్‌ను ఎవరో వాడుకున్నారు. తర్వాత ఒక రక్షకుడు: సార్ మంచివారు, మీకు సాయం చేస్తారు. తర్వాత ఒక షరతు: ఎవరికీ చెప్పొద్దు, కెమెరా ఆపొద్దు. చివరికి ఒక గడువు: సాయంత్రం లోపల డబ్బు ఈ ఖాతాలో వేయండి, పరిశీలించి తిరిగిస్తాం. ఒక్కో మెట్టు దగ్గర మనిషిని ఒంటరి చేస్తూ పోతారు.

ఈ స్క్రిప్టులు ఊరికే పుట్టవు. కంబోడియాలో, మయన్మార్‌లో మోసాల కోసమే కట్టిన కేంద్రాలున్నాయి. డేటా ఎంట్రీ ఉద్యోగం అని నమ్మి పోయిన మన పిల్లలను కూడా అక్కడ కూర్చోబెట్టి కాల్స్ చేయించారు. 2025 మార్చిలో మయన్మార్‌లోని మ్యావడ్డీ ప్రాంతం నుంచి భారత ప్రభుత్వం విమానాల్లో వెనక్కి తెచ్చినవాళ్ళలో తెలంగాణ, ఆంధ్ర యువకులు ఉన్నారు. మీ వయసు వాళ్ళే. అంటే ఆ ఉద్యోగ ప్రకటన కూడా ఒక డిజైన్, ఒక కథ. మొదటి మోసం వాళ్ళ మీదే జరిగింది.

దీనికి మన వైపు జవాబు ఎట్లా ఉంది? కొన్ని చాలా బాగున్నాయి. సైబర్ మోసాలకు కేంద్రం 2021లో హెల్ప్‌లైన్ పెట్టినప్పుడు నంబర్ 155260. తర్వాత దాన్ని 1930 చేశారు. డబ్బు పోయి చేతులు వణుకుతున్న మనిషికి ఆరంకెలు గుర్తుంటాయా, నాలుగంకెలు గుర్తుంటాయా? చిన్న మార్పే, కానీ ఇక్కడ ప్రతి నిమిషమూ విలువైనది. డబ్బు దొంగ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారేలోపు ఆపగలిగితేనే దక్కుతుంది.

2022లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ముంబై కార్యాలయం ఒకటి "రాజు అండ్ ద ఫార్టీ థీవ్స్" అని బొమ్మల పుస్తకం తెచ్చింది. ఆలీబాబా కథలో లాగా నలభై మంది దొంగలు, నలభై రకాల మోసాలు. అన్నీ రాజు అనే మామూలు మనిషి చుట్టూ. రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ చదవని వాళ్ళు కూడా రాజు కథ చదువుతారు. మన సైబరాబాద్ పోలీసులు తెలుగు సినిమా సీన్లతో మీమ్స్ చేసి పెట్టడం మీకందరికీ తెలుసు. నవ్వుతూ ఫార్వర్డ్ చేస్తాం, దాంతో పాటు జాగ్రత్త కూడా ఫార్వర్డ్ అవుతుంది. 2024 అక్టోబర్ 27న ప్రధాని మన్ కీ బాత్‌లో డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలోనే లేదని చెప్పి, మూడే మెట్లు చెప్పారు. ఆగండి, ఆలోచించండి, చర్య తీసుకోండి. మూడు మెట్లు కాబట్టి గుర్తున్నాయి.

బాగోలేనివీ ఉన్నాయి. ఫోన్ చేసిన ప్రతిసారీ రింగ్ కంటే ముందు వచ్చే సైబర్ హెచ్చరిక గుర్తుందా, అమితాబ్ గొంతుతో? మొదటి వారం విన్నాం. తర్వాత విసుగు. అర్జెంటుగా ఫోన్ చేయాల్సినప్పుడు కోపం. 2025 జూన్‌లో దాన్ని ఆపేశారు. హెచ్చరిక నిజమే, గొంతు పెద్దదే. కానీ ఎవరికి, ఎప్పుడు, ఎందుకు చెప్తున్నామన్నది లేదు. అందరికీ అన్ని వేళలా ఒకే మాట చెప్తే అది చివరికి చప్పుడైపోతుంది.

సీతమ్మ కథ చేసిన పని

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. దీనికి కంప్యూటర్‌తో ఏ సంబంధమూ లేదు, కానీ ఈ ఎపిసోడ్‌లో అసలు పాఠం ఇదేనని నాకనిపిస్తుంది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రి బడుల్లో పెద్దవాళ్ళకు చదువు. ఆ వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. సారా తాగే మొగుడు, కూలీ డబ్బంతా దుకాణానికే, ఇంట్లో ఆకలి. దూబగుంట ఊళ్ళో ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, ఇది ఎవరో సీతమ్మ కథ కాదు, మా కథే అన్నారు. సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. 1992కల్లా అది జిల్లా దాటింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారా ఆరోగ్యానికి హానికరం అని ఆ ఆడవాళ్ళకు అంతకుముందు తెలియదా? బాగా తెలుసు. తెలియడం వేరు, ఇది నా ఇంటి సంగతి అని గుర్తుపట్టడం వేరు.

అంతకుముందు నుంచీ మనకు బుర్రకథ ఉంది. మధ్యలో కథకుడు, పక్కన ఇద్దరు వంతలు. ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం. కథకుడు పెద్ద మాట అంటే, ఒక వంత "అదేంది సోదరా" అని అడుగుతాడు. జనం అడగాలనుకుని మొహమాటపడే ప్రశ్న అది. రెండోవాడు నవ్విస్తాడు, జనం లేచి పోకుండా. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి ఈ పద్ధతితో ఊరూరా రాజకీయాలు చెప్పింది. నాజర్ లాంటి కళాకారులు దాన్ని శిఖరానికి తీసుకుపోయారు. సైబర్ సెక్యూరిటీలో మనకు కథకులు చాలామంది ఉన్నారు, అంటే నిపుణులు. వంతలే లేరు. "అదేంది" అని జనం తరఫున అడిగేవాళ్ళు లేరు.

ఆ వంత మీరే

మీ ఇంట్లో ఫోన్ గురించి డౌట్ వస్తే అమ్మానాన్న, తాత ఎవరిని అడుగుతారు? మిమ్మల్నే. కాబట్టి వంత పని మీదే. ఈ చరిత్ర నుంచి నేను నేర్చుకున్న నాలుగు మాటలు చెప్తాను.

ఒకటి, చూపించండి. డిస్‌ప్లే బోర్డు లాగా, కళ్ళకు కనిపించేలా. ఉదాహరణకు, వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ పేరుతో ఏపీకే ఫైల్ వస్తోంది. మాల్వేర్ అని చెప్తే అమ్మకు ఏం తెలుస్తుంది? ఇట్లా చెప్పండి: "అమ్మా, శుభలేఖ అంటే తెరిచి చూసి పక్కన పెడతాం. ఇది మాత్రం నేను మీ ఇంట్లో కాపురం పెడతా, తాళాలు ఇవ్వమంటోంది. ఫోన్ ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగిందంటే అది శుభలేఖ కాదు." ఇంక మర్చిపోదు.

రెండు, ఒకసారికి ఒకే పని చెప్పండి. పది జాగ్రత్తలు చెప్తే ఒక్కటీ మిగలదు. "నాన్నా, డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు పోతున్నట్టే." ఈ వారం ఇదొక్కటే. వచ్చే వారం ఇంకోటి.

మూడు, ఉన్నదాన్ని ఉన్నట్టే చెప్పండి. ఎక్కువ భయపెడితే వాళ్ళు ఫోన్ వాడటమే మానేస్తారు, లేకపోతే మీ మాట వినడం మానేస్తారు. రెండూ నష్టమే.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యం. మోసపోయినవాళ్ళను నవ్వులపాలు చేయకండి. "అంత తెలివి లేదా నీకు" అని ఒక్కసారి అన్నారంటే, రేపు నిజంగా డబ్బు పోయినప్పుడు మీ నాన్న మీకు చెప్పడు. సిగ్గుతో ఒక రాత్రంతా దాచుకుంటాడు. ఆ ఒక్క రాత్రి చాలు, డబ్బు పది ఖాతాలు దాటిపోవడానికి. ఎవరికీ చెప్పొద్దు అన్నది దొంగ పెట్టే షరతు. దాన్ని మనింట్లో మనమే అమలు చేయొద్దు. ముందు పక్కన కూర్చోండి, 1930కి ఫోన్ కలపండి, బ్యాంకుకు చెప్పండి, మిగతా మాటలు తర్వాత.

ఈ పూట ఒక పని చేయండి. మీ ఇంట్లో మాట్లాడే యాసలో, మీ అమ్మకు తెలిసిన ఉదాహరణతో, ఒక్క నిమిషం వాయిస్ మెసేజ్ రికార్డ్ చేసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. ఏదో ఒక్క మోసం గురించి. దొంగ రేపు ఫోన్ చేసినప్పుడు, వాడి కథ కంటే ముందు మీ కథ ఆమె చెవిలో ఉండాలి.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను.